కాస్మిక్ కిరణాల మీద ఆసక్తి ఉందా? ఓజే ఓపెన్ డేటా సైట్ తెరవండి

బ్లాక్ హోల్స్, వాటి జెట్ల (వాటి దగ్గర నుంచి దూసుకొచ్చే కణాల ధారల) గురించి వీడియోలు బోలెడు, కానీ చాలావాటిలో గ్రాఫిక్సే తప్ప ఆధారం కనిపించదు. అసలు డేటా చూడాలనుకునేవాళ్లు, అంతరిక్షం నుంచి వచ్చి పడే కణాల్ని, అంటే కాస్మిక్ కిరణాల్ని, గమనించే అర్జెంటీనాలోని పియెర్ ఓజే అబ్జర్వేటరీ వాళ్ల ఓపెన్ డేటా సైట్‌కి వెళ్లండి, పైసా ఖర్చు లేదు.

ఈ కణాల జాడ పట్టడానికి మలార్గ్వే ఊరి దగ్గర 3,000 చదరపు కిలోమీటర్ల మైదానంలో, కిలోమీటరున్నరకి ఒకటి చొప్పున 1,600కు పైగా ట్యాంకులు పెట్టారు, ఒక్కోదాంట్లో 12,000 లీటర్ల శుద్ధమైన నీళ్లు. అంత జాగా ఎందుకంటే, అత్యధిక శక్తి ఉన్న కణాలు చదరపు కిలోమీటరుకి వందేళ్లలో ఒకటి పడితే గొప్ప.

సైట్‌లో నాకు బాగా నచ్చింది ఈవెంట్ డిస్‌ప్లే, అంటే ఒక్కో కణం పడిన ఘటనని బొమ్మగా చూపే పేజీ. 2019 నవంబరు 10న పడిన కణం శక్తి 166 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తికి కొలమానం ఎలక్ట్రాన్ వోల్టు, ఎక్సా అంటే ఒకటి పక్కన 18 సున్నాలు), అంటే ఎల్‌హెచ్‌సీ అనే భారీ కణ త్వరణ యంత్రంలో ఒక ప్రోటాన్‌కి ఇచ్చే శక్తికి రెండు కోట్ల రెట్లకు పైనే! అలాంటి కణం గాలిని గుద్దుకుని కోట్లాది చిన్న కణాల జల్లుగా కిందకి దిగితే, ఏ ట్యాంకులో ఎంత సిగ్నల్ వచ్చింది, ఏది ముందు, ఏది తర్వాత అన్నది మ్యాప్ మీద కనిపిస్తుంది, చూస్తూ ఉంటే టైమే తెలీదు.

మరి ఇవి బ్లాక్ హోల్ జెట్ల నుంచి వస్తున్నాయా? ఇక్కడే ఈ బృందం మీద నాకు గౌరవం పెరిగింది. 2007లో, కణాలు వచ్చిన దిక్కులకి చురుకైన గెలాక్సీ కేంద్రాలతో (మధ్యలోని పెద్ద బ్లాక్ హోల్ పదార్థాన్ని మింగుతుంటే వెలిగే చోట్లతో) పొంతన కనిపిస్తోందని ప్రకటించారు, డేటా పెరిగేకొద్దీ ఆ పొంతన బలహీనపడితే ఆ సంగతీ వాళ్లే రాశారు. 8 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టులు దాటినవి మన పాలపుంత బయటి నుంచే వస్తున్నాయని 2017లో గట్టిగా తేల్చారు. సెంటారస్ ఏ అనే గెలాక్సీ ఉంది, 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, మధ్యలో పెద్ద బ్లాక్ హోల్, రెండు వైపులా జెట్లు. ఆ దిక్కు నుంచి కాస్త ఎక్కువ కణాలు వస్తున్నట్టుంది గానీ, కనుక్కున్నాం అని చెప్పడానికి కావలసిన 5 సిగ్మా, అంటే ఇది కాకతాళీయం కాదనే గట్టి గణాంక రుజువు, ఇంకా రాలేదు. పైగా దారిలో అయస్కాంత క్షేత్రాలు కణాల్ని వంచేస్తాయి, కాబట్టి వచ్చిన దిక్కు చూసి ఊరు చెప్పడం కష్టం.

2021లో సైట్ మొదలైనప్పుడు పెట్టింది 10 శాతం డేటానే, అయినా డిగ్రీ, పీజీ ఫిజిక్స్ ప్రాజెక్టుకి అది ధారాళంగా సరిపోతుంది, పైథాన్ నోట్‌బుక్‌లు కూడా ఇచ్చారు. ఇంటర్ పిల్లలైతే ముందు అత్యధిక శక్తి ఉన్న 100 ఈవెంట్ల కేటలాగ్ చూడండి, కోడ్ జోలికి తర్వాత వెళ్లొచ్చు.