ఫర్ లూప్: విలువల మీద తిప్పాలా, ఇండెక్స్ మీదా?

పైథాన్ నుంచి లెక్కల పనులకు వాడే ప్రోగ్రామింగ్ భాష మాట్‌ల్యాబ్‌కో, దాదాపు అదే భాషతో ఉచితంగా దొరికే ఆక్టేవ్‌కో వచ్చినవాళ్లు మొదట రాసేది నేరుగా విలువల మీద తిరిగే లూపే (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్). చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఇక్కడ ఫర్ ఒక్కో విలువను కాదు, ఒక్కో నిలువు వరుసను తీసుకుంటుంది. 3 అడ్డు వరుసలు, 4 నిలువు వరుసలున్న మ్యాట్రిక్స్ (అంకెల పట్టిక) ఇస్తే 12 సార్లు కాదు, 4 సార్లే తిరుగుతుంది.

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఐదుగురి మార్కులు 72, 28, 91, 33, 60 ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. 35 కన్నా తక్కువైతే ఫెయిల్ అని చూపించమన్నాను. ఏమీ రాలేదు! ఉన్నది ఒకటే నిలువు వరుస కాబట్టి లూప్ ఒక్కసారే తిరిగి, ఐదు మార్కులనూ కలిపి, షరతు చూసే ఇఫ్‌కు ఇచ్చింది. అర్రే (విలువల వరుస) మొత్తం ఇస్తే, అందులో అన్నీ నిజమైతేనే ఇఫ్ లోపలికి వెళ్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, 28 వచ్చినవాళ్లూ పాసయిపోయారు. అవే మార్కులు అడ్డంగా ఉంటే సరిగ్గా పనిచేసేది.

అందుకే నా ఓటు ఇండెక్స్‌కే, అంటే విలువ ఎన్నో స్థానంలో ఉందో చెప్పే సంఖ్యకే. 1 నుంచి న్యూమెల్ (మొత్తం విలువల సంఖ్య) వరకు తిప్పితే అడ్డమైనా నిలువైనా ఐదుసార్లే. ఎన్నో విద్యార్థో తెలుస్తుంది, మార్కును అక్కడికక్కడే దిద్దొచ్చు. విలువల లూప్‌లో దిద్దేది కాపీని మాత్రమే. ఫలితాలను ఇంకో అర్రేలో వేస్తుంటే ముందే జీరోస్‌తో, అంటే సున్నాలు నింపి, చోటు పెట్టుకోండి, లేదంటే అర్రే పెరిగిన కొద్దీ మెమరీలో మళ్లీ మళ్లీ కాపీ అవుతుంది.

పేర్లలాంటివి ఒక్కో సెల్‌లో (గడిలో) దాచే సెల్ అర్రే మీద విలువల లూప్ తిప్పితే లోపలి పేరు రాదు, ఆ పేరున్న సెల్ వస్తుంది. దాన్ని ఫ్లవర్ బ్రాకెట్లతో విప్పాలి. ప్రతి సెల్ మీదా ఒక ఫంక్షన్‌ను నడిపే సెల్‌ఫన్ ఒక్క లైన్‌లో ముగుస్తుంది గానీ, వేగం కోసమే దాన్ని వాడకండి. ప్రతి సెల్‌కూ ఫంక్షన్‌ను పిలవాల్సిందే కాబట్టి, మాట్‌ల్యాబ్‌లో మామూలు లూపే చాలాసార్లు ముందుంటుంది. పేర్లున్న ఫీల్డుల్లో విలువలు దాచే స్ట్రక్చర్‌కైతే ఆక్టేవ్‌లో విలువా, ఫీల్డ్ పేరూ రెండూ ఇచ్చే ఫర్ ఉంది, మాట్‌ల్యాబ్‌లో లేదు. రెండింటిలోనూ నడవాలంటే ఫీల్డ్‌నేమ్స్‌తో ఫీల్డ్ పేర్లు తీసుకుని వాటి మీద తిప్పాలి.

నిజానికి ఆ మార్కుల పనికి లూపే అక్కర్లేదు. అర్రే మొత్తాన్నీ 35తో పోల్చి ఫైండ్‌కు ఇస్తే ఫెయిలైనవాళ్ల స్థానాలు 2, 4 అని చెప్పేస్తుంది. లూపులు నిదానంగా నడిచే ఆక్టేవ్‌లో, డేటా పెద్దదైతే ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది. అప్పు లెక్కలాగా ఈ నెల బాకీ పోయిన నెల బాకీ మీద ఆధారపడే చోట మాత్రం లూప్ రాస్తాను, ఇండెక్స్‌తోనే.