అట్టముక్క మీద ఆరేళ్లు: ఇంట్లోనే కారు లీకులు బాగుచేసుకోవడం

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా కారు కింద ఏడాది పొడవునా ఒక అట్ట పరిచి ఉంటుంది. కొత్త ఫ్రిజ్ వచ్చినప్పుడు దాని పెట్టె విప్పి కోసిన అట్ట. మొదట్లో వాచ్‌మన్ దాన్ని చెత్త అనుకుని రెండుసార్లు పాతసామాన్ల బండికి వేసేశాడు. ఇప్పుడు పొద్దున్నే అతనే చూసి "సార్, రాత్రి మూడు చుక్కలు పడ్డాయి" అని చెప్తున్నాడు.

ఆ అట్ట నాకు బ్లడ్ రిపోర్టు లాంటిది. మరక నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి వేళ్ల మధ్య జారితే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్. చిక్కగా ఉండి గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. చక్రం లోపలివైపు లేత పసుపుగా, పల్చగా కనిపిస్తే బ్రేక్ ఆయిల్. అది కనిపిస్తే బండి కదపకూడదు. ముందు సీటు కిందికి వచ్చేచోట తేటగా నీళ్లు పడితే అది ఏసీ నీరు, లీకు కాదు. ఈ చివరి ముక్క తెలియక మొదటి వేసవిలో ఒక ఆదివారమంతా కారు కింద పడుకుని పైపులు తడుముతూ గడిపాను. విజయవాడ మే నెల, సెల్లార్, గాలి లేదు. ఇంకేం చెప్పను.

కారు 2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ల ఇంజిన్. 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు 62,000 కిలోమీటర్లు తిరిగి ఉంది. ఇప్పుడు 1,31,000 దాటింది. కొన్న ఏడాదికే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి ఆయిల్ కారడం మొదలైంది. ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే వెనక క్రాంక్ ఆయిల్ సీల్, అంటే ఇంజిన్‌లో తిరిగే షాఫ్టు చివర ఆయిల్ కారకుండా ఆపే రింగు, పోయిందన్నారు. సీల్ ధర తక్కువే, కానీ దాన్ని చేరుకోవాలంటే గేర్‌బాక్స్ దించాలి. అన్నీ కలిపి 14,000 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నాకు పని వచ్చని కాదు గానీ, ఆ రోజు జేబులో డబ్బు లేక ఇంటికి వచ్చేశాను. అదే మంచిదైంది.

ఆటోనగర్‌లో మా బాబాయికి తెలిసిన ఒక పాత మెకానిక్ ఉన్నాడు. ఆయన టీ తాగుతూనే ఒక్కసారి వంగి చూసి, "కింద ఏం వెతుకుతావు బాబూ, ఆయిల్ పైకెక్కదు కదా. తడి ఎక్కడ మొదలైందో పైన చూడు" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ఈ ఆరేళ్లలో కొన్న సామాన్లన్నిటి కంటే ఆ మాటే ఎక్కువ పనికొచ్చింది.

ఎలా చూశానో చెప్తాను, ఎందుకంటే ఇంటి దగ్గర చేసే పనిలో ముప్పావు వంతు ఇదే. ముందు ఇంజిన్ చల్లారనిచ్చి, బ్యాటరీ వైరు తీసి, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి, పాత జిడ్డంతా డీగ్రీజర్‌తో, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో వదిలించాను. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద కొత్త లీకు ఎవరికీ కనిపించదు. బాగా ఆరాక కవరు తీసి, బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి, మా పాప టాల్కమ్ పౌడర్ డబ్బా తెచ్చి, అనుమానం ఉన్న అతుకుల మీద పల్చగా చల్లాను. బండి స్టార్ట్ చేసి పదిహేను నిమిషాలు నిలబెట్టి ఆపాక, చెయ్యి పట్టని సందులోకి ఫోన్ దూర్చి టార్చి వేసి వీడియో తీశాను. తెల్లటి పౌడర్ మీద చీమల బారు నడిచినట్టు సన్నని గోధుమరంగు గీత. అది ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ వెనక మూలలో మొదలై, ఇంజిన్ వీపు వెంబడి దిగి, సరిగ్గా గేర్‌బాక్స్ అతుకు దగ్గర చుక్కగా వేలాడుతోంది. వెనక సీల్ పొడిగానే ఉంది. లీకు ట్యాపెట్ కవర్ కింద ఉండే రబ్బరు ప్యాకింగ్‌ది. దాని ధర నాలుగు వందల లోపే.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కాలేదు. అదే లీకు మూడుసార్లు బాగుచేశాను.

మొదటిసారి కవర్ ఊడదీసి, కొత్త ప్యాకింగ్ పెట్టి, "మనకెందుకు రిస్కు" అని చుట్టూ బూడిదరంగు సిలికాన్ పుట్టీలాగా పట్టించాను. రబ్బరు ప్యాకింగ్‌కి అది అక్కర్లేదు. ఇంజిన్ పక్కనుండే చైన్ కవర్ వచ్చి హెడ్‌ని, అంటే ఇంజిన్ పై భాగాన్ని, కలిసే రెండు మూలల్లో కంది గింజంత పెడితే చాలు. సిలికాన్ నిండా పూస్తే రబ్బరు తన గాడిలో కూర్చోకుండా పక్కకి జారుతుంది. రెండు వారాలకే మళ్లీ చుక్కలు. దానికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. లోపలివైపు పిండినట్టు వచ్చిన సిలికాన్ ముక్కలు ఊడి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి చేరి జల్లెడకి అడ్డం పడితే ఇంజిన్‌కి ఆయిల్ అందదు. లీకైన ఇంజిన్ బతుకుతుంది గానీ ఆయిల్ అందనిది బతకదు.

రెండోసారి పద్ధతిగా చేద్దామని టార్క్ రెంచ్ కొన్నాను. మనం పెట్టిన బిగువు రాగానే "టక్"మనే పానా అది, ఆ బిగువుని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. ఆన్‌లైన్‌లో ఆఫర్‌లో ఉంది, అర అంగుళం సైజు, 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా. ట్యాపెట్ కవర్ బోల్టులకి కావాల్సింది పది లోపు. అంటే ఆ రెంచ్ మొదలయ్యే చోటికి ఈ బోల్టు ఎప్పుడో తెగిపోతుంది. నాకు ఆ లెక్క తట్టలేదు. "టక్"మని శబ్దం వస్తుందని ఎదురుచూస్తూ తిప్పాను, తిప్పాను. "టక్"మనే శబ్దమే వచ్చింది, రెంచ్‌లోంచి కాదు. ఆరు ఎంఎం బోల్టు తల నా చేతిలో, మిగతాది అల్యూమినియం హెడ్‌లో. దాన్ని డ్రిల్ చేసి తీయించడానికి ఆటోనగర్‌లో లేత్ షాపుకి కారు తీసుకెళ్లాల్సి వచ్చింది. అంతదూరం ఒక బోల్టు లేకుండా, ఆయిల్ చిందించుకుంటూ. తర్వాత 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల చిన్న రెంచ్ కొన్నాను. ఇంట్లో ఈ పని మొదలుపెట్టేవాళ్లు మొదట కొనాల్సింది ఈ చిన్నది. నేను తలకిందులుగా కొన్నాను.

మూడోసారి నెల రోజులు పొడిగా ఉండి మళ్లీ చెమ్మ వచ్చింది. అప్పుడు నిజంగా విసుగొచ్చింది. కారు అమ్మేద్దామని ఫోటోలు కూడా తీశాను. ఆ ఫోటోల్లోనే ట్యాపెట్ కవర్ మీదున్న పీసీవీ వాల్వ్ కనిపించింది. ఇంజిన్ లోపల పుట్టే గ్యాసు బయటికి పోయే దారి అది. ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపలి ముక్క గలగలలాడాలి. నాది నోరు మెదపలేదు, మసితో బిగుసుకుపోయింది. దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ని తోస్తుంది. ఎన్ని కొత్త ప్యాకింగులు వేస్తే ఏం లాభం! వాల్వ్ మార్చాను, మూడు వందల చిల్లర. రెండేళ్లయింది, అక్కడ వేలు పెట్టి చూస్తే దుమ్మే అంటుతోంది.

పాత ఆయిల్ దించడానికి ఛాంబర్ అడుగున విప్పే డ్రెయిన్ బోల్టు గురించి క్లుప్తంగా. ఆయిల్ మార్చిన ప్రతిసారీ దాని కింద రేకు వాషర్ కొత్తది వేయాలి. పది, ఇరవై రూపాయల వస్తువు. నేను పాతదే వాడి, చెమ్మ వచ్చిందని ఇంకాస్త, ఇంకాస్త బిగించాను. ఛాంబర్ అల్యూమినియంది. మర పోయింది, బోల్టు ఇక బిగుసుకోదు. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి, కొత్త ఆయిల్ డబ్బా పక్కన పెట్టుకుని, పొద్దున ఆఫీసుకి ఎలా వెళ్లాలా అని చూస్తూ కూర్చున్నాను. మర్నాడు బస్సులో వెళ్లాను.

కూలెంట్ లీకు వేరే రకం బాధ. ఆయిల్ కారితే కనీసం మరక ఉంటుంది. కూలెంట్ వేడి ఇంజిన్ మీద పడి ఆవిరైపోతుంది. అట్ట శుభ్రంగా ఉంటుంది, ట్యాంకులో మట్టం మాత్రం వారం వారం తగ్గుతుంది. ఏం చేయాలో తోచక రేడియేటర్‌లో పోస్తే లీకులు మూసుకుపోతాయనే సీసా ఒకటి కొన్నాను. నిజాయితీగా చెప్పాలి, మూడు నెలలు పనిచేసింది. తర్వాత ట్యాంకు అడుగున గోధుమరంగు బురద చేరింది, మట్టం మళ్లీ తగ్గింది. లోపల హీటర్ పైపులు కూడా మూసుకుపోయి ఉంటాయి. విజయవాడలో హీటర్ వేసేవాడెవడు కాబట్టి ఆ సంగతి అరకు వెళ్లినప్పుడే బయటపడింది, డిసెంబర్‌లో, పిల్లలు వణుకుతుంటే. అసలు లీకు వాటర్ పంపుది. పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ పోతే అక్కడి నుంచి చెమ్మ వస్తుంది, ఆరిపోయి తెల్లటి గీతగా మిగులుతుంది. ఆ గీతని ఏడాదిగా చూస్తూ బోర్ నీళ్ల మరక అనుకున్నాను. పంపు మార్చే పని మెకానిక్‌కే ఇచ్చాను, కూలెంట్ మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో నేనే కలిపి పోసుకున్నాను.

కూలెంట్ విషయంలో రెండు జాగ్రత్తలు. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు, లోపల ఒత్తిడిలో ఉన్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. రెండోది, నేల మీద ఒలికితే వెంటనే రంపపు పొట్టు చల్లి ఎత్తేయాలి. దాని రుచి తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. అది వాటికి విషం. మా సెల్లార్‌లో నాలుగు పిల్లులున్నాయి.

బ్రేక్ ఆయిల్ లీకు ఒక్కసారే వచ్చింది, వెనక చక్రం దగ్గర. దాన్ని నేను ముట్టుకోలేదు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించాను. నా ప్రతాపమంతా డబ్బాలో మట్టం చూడబోయి, బానెట్ అంచు మీద ఒలికించి పెయింట్ ఊడగొట్టడంతోనే సరిపోయింది.

డబ్బు లెక్కకొస్తే, విడిభాగాలకి ఆరేళ్లలో పెద్దగా కాలేదు. పనిముట్లకి అయింది. జాకీ, రెండు స్టాండ్లు, రెండు రెంచ్‌లు, గొట్టం పానాల సెట్టు కలిపి తొమ్మిది వేలు దాటాయి. స్టాండ్లు లేకుండా ఒట్టి జాకీ మీద కారు ఎత్తి కిందికి దూరేవాళ్లని మా సెల్లార్‌లోనే చూశాను. వాళ్లని చూస్తే నాకు టెన్షన్. సిలికాన్ ట్యూబుకి నేనిచ్చే మార్కులు సగమే. వస్తువు మంచిదే, కానీ సగం వాడి మూత పెడితే తర్వాతి నెలకి కర్రలా గట్టిపడుతుంది. మూతిలో మేకు గుచ్చి పెట్టినా అంతంతమాత్రమే. పైగా పూసిన తర్వాత పూర్తిగా ఆరడానికి ఒక రోజు వదలాలి. ఒక్క ఆదివారమే సెలవు దొరికేవాడికి అది కుదిరే పనా?

తీసిన పాత ఆయిల్ డ్రైనేజీలో పోయకుండా క్యాన్‌లో పట్టి మెకానిక్ షాపు డ్రమ్ములో పోసి వస్తాను. మా అసోసియేషన్ ప్రెసిడెంట్ గారికి ఇది చెప్పాను కూడా. అయినా టైల్స్ మీద మరకల గురించి నోటీసు అంటించారు. పేరు రాయలేదు గానీ ఫ్లాట్ నంబర్ రాశారు. మా ఆవిడ ఆ నోటీసుని ఫోటో తీసి వాళ్ల అన్నయ్యకి పంపింది.

మొన్న మంగళవారం అట్ట మీద కొత్త మరక కనిపించింది, ఎడమ చక్రానికి కాస్త లోపలగా. వేలితో తీసి వాసన చూశాను. గంధకం. గేర్‌బాక్స్‌లోంచి యాక్సిల్ బయటికొచ్చే చోట ఆయిల్ సీల్ అయ్యుండాలి, కానీ పైనుంచి చూసుకుంటూ రావాలి. పాప పౌడర్ డబ్బా అయిపోయింది. మరక చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ వేసి ఉంచాను.