లక్షద్వీప్ ఓడ ప్యాకేజీ కొనేవాళ్ళకి: ఏజెంటు పంపే బట్టల జాబితా నమ్మి సర్దుకోకండి

కొచ్చి నుంచి లక్షద్వీప్ ఓడకి ఏజెంటు ద్వారా డబ్బు కట్టినవాళ్ళు, కట్టబోతున్నవాళ్ళు సూట్‌కేసు సర్దే ముందు ఇది చదవండి. మేం మనిషికి 37,000 రూపాయల చొప్పున నలుగురికి కట్టాం. మా ఆయన, నేను, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, మా ఆడపడుచు. ఓడ మీద మాకు ఏ లోటూ జరగలేదు, సిబ్బంది చక్కగా చూసుకున్నారు. మమ్మల్ని ముంచింది టికెట్లు అమ్మిన మనిషి.

డబ్బు కట్టిన మర్నాడే ఆ ఏజెంటు వాట్సాప్‌లో ఒక జాబితా పంపాడు. షార్ట్స్, స్లీవ్‌లెస్ టాప్స్, స్విమ్‌సూట్, బీచ్ ఫ్రాక్ తెచ్చుకోండి, చీరలూ చుడీదార్లూ వద్దు, అనవసరంగా బరువు అని. దాంతో పాటు తెల్లటి ఇసుకలో బికినీలు వేసుకున్న అమ్మాయిల ఫొటోలు. పైగా "ఐలాండ్ ఫొటోషూట్" అని విడిగా 6,000 కట్టించుకున్నాడు. నేను అడగకుండా ఊరుకోలేదు. "అక్కడ ఉండేది దాదాపు అందరూ ముస్లింలు కదండీ, ఈ బట్టలు బాగుంటాయా?" అని ఫోన్‌లో రెండుసార్లు అడిగాను. "అలాంటిదేం లేదు మేడం, గోవా లాగే, అంతా టూరిస్టులే" అన్నాడు.

గోవాకీ దీనికీ పోలికే లేదు. లక్షద్వీప్‌లో దీవులు 36, జనం కాపురాలు ఉండేవి పదే. 2011 లెక్కల్లో మొత్తం జనాభా 64,473, అందులో 96 శాతం పైగా ముస్లింలు. మన దేశంలోదే అయినా మనం పర్మిట్ తీసుకుని వెళ్ళాలి. బంగారం దీవిలో తప్ప ఎక్కడా మద్యం ఉండదు. ఏజెంటు పంపిన ఫొటోలు ఆ బంగారంవో, ఏ దేశానివో నాకు తెలియదు గానీ, మా ఓడ ఆగింది మాత్రం కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవుల్లో. మూడూ పిల్లాపాపలతో కాపురాలు ఉన్న ఊళ్ళు. ఊరు లేని దీవిలో రిసార్టు వేరు, ఊళ్ళో బీచి వేరు. ప్యాకేజీ అమ్మేవాడు ఈ రెంటినీ కలిపేసి చూపిస్తున్నాడు, మోసమంతా అక్కడే ఉంది.

మొదటి రోజు కవరత్తిలో దిగాం. చెక్క చెక్కడాల పైకప్పుకి పేరుపడ్డ ఉజ్రా మసీదు వైపు నడుస్తున్నాం. సన్నటి సందులు, కొబ్బరిచెట్లు, గుమ్మాల్లో పిల్లలు. మా అమ్మాయి జాబితాలో ఉన్నట్టే తొడల దాకా షార్ట్స్, సన్నటి పట్టీల టాప్ వేసుకుంది. మా ఆడపడుచుది మోకాళ్ళ పైకి ఉన్న చేతుల్లేని ఫ్రాకు. మా ఆయన బనియన్ మీద, నిక్కర్‌తో. ఇంటి నుంచి కట్టుకొచ్చిన చుడీదారుతో ఉన్నది నేనొక్కదాన్నే. రెండిళ్ళు దాటేసరికి ఒకావిడ పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఎదురొస్తున్న మగపిల్లలు తలలు దించుకుని గోడవారకి తప్పుకున్నారు. ఒక పెద్దాయన మా గైడుని పక్కకి పిలిచి మలయాళంలో ఏదో మెల్లగా చెప్పాడు. గైడు వచ్చి, కళ్ళు కిందికి దించుకునే, "అమ్మా, వాళ్ళిద్దరూ వ్యానులో కూర్చుంటే మంచిది, సార్ కూడా" అన్నాడు.

ఎవరూ కేకలెయ్యలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేదేమో. మా అమ్మాయి ముఖం కందిపోయింది. అంతలో పక్కింటి అరుగు మీద నుంచి ఒక పెద్దావిడ లేచి లోపలికి వెళ్ళి, పొడవాటి నూలు గుడ్డలు రెండు తెచ్చింది. ఒకటి మా అమ్మాయి భుజాల చుట్టూ తనే కప్పి, రెండోది నడుముకి చుట్టి ముడి వేసి, బుగ్గ నిమిరింది. డబ్బు తియ్యబోతే నా చెయ్యి వెనక్కి నెట్టేసింది. గైడు తర్వాత చెప్పాడు, ఈ దీవుల్లో తరతరాలుగా ఇళ్ళు ఆడవాళ్ళ వైపు నుంచే వస్తాయనీ, పాత పద్ధతిలో భర్తే భార్య ఇంటికి వచ్చిపోయేవాడనీ. అంటే మేం అలా నడుచుకుంటూ పోయింది ఆవిడ సొంత వాకిట్లోంచి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

"మన దేశం, మన డబ్బు, మనకి నచ్చిన బట్టలు వేసుకోకూడదా?" అని మా బంధువుల్లోనే ఒకరు వాదించారు. మా అమ్మాయి విజయవాడలో ఏం వేసుకోవాలో నేనెప్పుడూ చెప్పలేదు, చెప్పను కూడా. ఇది దాని స్వేచ్ఛ గురించిన మాట కాదు. మా పుట్టింటి ఊళ్ళో రామాలయం వీధిలోకి తెలియనివాళ్ళు యాభైమంది ఈత బట్టలతో దిగి ఫొటోలు తీసుకుంటుంటే మా అమ్మమ్మ ఏం చేసేదో నాకు తెలుసు. ఆ కవరత్తి పెద్దావిడ అంతకన్నా ఎంతో మర్యాదగా నడుచుకుంది. ఊరి సంగతి ముందే చెప్పి ఉంటే మా అమ్మాయే తనకి తోచిన చుడీదార్లు సర్దుకునేది. ఆ అవకాశం దానికి లేకుండా చేసినవాడి మీదే నా కోపం.

ఫొటోషూట్ సంగతి ఇంకా ఘోరం. కల్పేనిలో ఫొటోలు తీసే కుర్రాడు వచ్చాడు. జాబితాలో ఉన్న బట్టలు చూపిస్తే, ఇక్కడ ఊరి పిల్లలు ఆడుకుంటారు, ఈ బట్టల్లో తియ్యలేను అని నిక్కచ్చిగా చెప్పాడు. ఏజెంటు మాకేం చెప్పి అమ్మాడో అతనికి తెలియనే తెలియదు. 6,000 రూపాయలు తిరిగి ఇమ్మంటే, రసీదు చివర చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న "స్థానిక ఆచారాలు తెలుసుకునే బాధ్యత ప్రయాణికులదే" అన్న వాక్యం చూపించాడు ఏజెంటు. చుడీదార్లు వద్దని తనే రాసి పంపిన జాబితా సంగతి ఎత్తితే ఫోన్ పెట్టేశాడు.

ఇక సర్దుకోవడం గురించి, మాకు తెలిసొచ్చింది చెబుతాను. ఓడ ఒడ్డుకి రాదు. లోతు నీళ్ళలో నిలబడుతుంది, మనం ఓడ పక్క తలుపులోంచి ఊగుతున్న చిన్న పడవలోకి దిగాలి. కింద ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని దించుతారు. అందుకని చీర మర్యాదే అయినా ఇక్కడ పనికిరాదు, కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి. పొట్టి ఫ్రాకులో గాలికి పడే ఇబ్బంది నేను చెప్పక్కర్లేదు. వదులు నూలు ప్యాంటు, మోచేతుల దాకా చేతులున్న కుర్తా, మెడలో కాకుండా సంచిలో చున్నీ, వెనక పట్టీ ఉన్న చెప్పులు, వీటిని మించింది లేదు. మినికాయ్‌లో 1885లో కట్టిన లైట్‌హౌస్ ఎక్కేటప్పుడు కూడా ప్యాంటే కాపాడుతుంది. మగవాళ్ళకీ ఇదే మాట. బనియన్లు, పైన చొక్కా లేకుండా తిరగడం ఊళ్ళో వద్దు. మోకాళ్ళు దాటిన ప్యాంటు, మామూలు చొక్కా చాలు.

నీళ్ళలోకి దిగడానికి నిండు చేతుల ఈత టీషర్టు, లెగ్గింగ్ తీసుకెళ్ళండి. మర్యాద సంగతి అలా ఉంచితే, ఆ ఎండకి మా ఆయన భుజాలు బొబ్బలెక్కాయి, పగడపు రాయి గీసుకుని మా ఆడపడుచు మోకాలు చీరుకుపోయింది. ఒళ్ళంతా కప్పుకున్నవాళ్ళకి ఏమీ కాలేదు. నీళ్ళలోంచి వచ్చాక తడిబట్టలతో ఊళ్ళోకి నడవకండి, అక్కడే మార్చుకుని కదలండి. ఆడవాళ్ళనీ పిల్లలనీ అడక్కుండా ఫొటో తియ్యకండి. పగడపు ముక్క, గవ్వ ఏదీ ఏరుకురావద్దు, పగడం తీసుకురావడం నేరం కూడా.

తేదీలు కూడా చూసుకోండి. ఈమధ్య రంజాన్ నెల ఫిబ్రవరి, మార్చిలలో పడుతోంది, అంటే సరిగ్గా సముద్రం నెమ్మదిగా ఉండే రోజుల్లోనే. ఆ నెలలో వెళ్తే పగటిపూట వీధిలో నములుకుంటూ, నీళ్ళ సీసా ఎత్తుకుని తాగుతూ తిరగడం బాగుండదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మసీదుల దగ్గర గుంపుగా తిరగకుండా ఉంటే మేలు.

మా మరిదివాళ్ళకి ఇదే ఏజెంటు మాల్దీవులకి వెళ్ళే ఓడ అమ్ముతూ ఇదే జాబితా, అక్షరం మార్చకుండా పంపాడు. మాలె నగరంలో ఈత బట్టలతో తిరగకూడదు. జనం ఉండే దీవుల్లో బికినీలకి విడిగా కేటాయించిన బీచి ఉంటే అక్కడే, బయట కుదరదు. అక్కడ 1658లో పగడపు రాయితో కట్టిన హుకురు మిస్కీ అనే పాత మసీదు చూడాలన్నా భుజాలూ కాళ్ళూ కప్పుకునే వెళ్ళాలి. మనవాళ్ళు గమనించాల్సింది ఇంకోటుంది. మద్యం, పందిమాంసంతో పాటు పూజ చేసుకునే విగ్రహాలు కూడా ఆ దేశంలోకి తీసుకెళ్ళకూడని వస్తువుల్లో ఉన్నాయి. చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం సంచిలో పెట్టుకునే అలవాటున్న అత్తయ్యలకి ముందే చెప్పండి.

డబ్బు కట్టే ముందు ఏజెంటుని రాతలో అడగండి: ఓడ ఆగే ఒక్కో దీవి పేరేంటి, అక్కడ ఊరుందా, దిగేటప్పుడు ఎలాంటి బట్టలుండాలి, ఫొటోషూట్ అంటే ఏ బీచిలో, ఎవరి అనుమతితో. ఫోన్‌లో నోటిమాటగా చెబుతానంటే కట్టకండి. వచ్చిన సమాధానం, పంపిన ఫొటోలు, జాబితా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. నేను దాచిన స్క్రీన్‌షాట్లే ఇప్పుడు పనికొస్తున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే దానికి ఫీజు కూడా లేదు.

కవరత్తిలో ఆవిడ ఇచ్చిన రెండు గుడ్డలూ మా అమ్మాయి కల్పేనిలోనూ మినికాయ్‌లోనూ కప్పుకునే తిరిగింది. ఉతికి ఇస్త్రీ చేసి పెట్టింది. ఆ వైపు వెళ్ళే గైడు ఎవరైనా ఆవిడకి అందజేస్తారేమో అని కనుక్కుంటున్నాం.