దెయ్యం నవ్వించాలంటే: రాత్రి షూటా, పగటి రాత్రా?

జమ్మలమడుగు వైపు పాత మట్టిమిద్దెలో హారర్ కామెడీ షార్ట్ ఫిల్మ్ తీసే కొత్త దర్శకుడు మొదట తేల్చుకోవాల్సింది ఇదే: రాత్రి సీన్లను నిజం రాత్రిలోనే తీయాలా, పగలు తీసి రాత్రిగా మార్చాలా?

నిజం రాత్రిలో చీకటి ఊరికే దొరుకుతుంది. ఒక ఎల్ఈడీ ప్యానెల్‌ను నటుడి వెనక, తల కంటే ఎత్తులో పెడితే భుజాలు వెలిగి ముఖం నీడలో ఉంటుంది. భయానికి అది చాలు, నవ్వుకు చాలదు. బెదిరిపోయిన కళ్లు కనబడకపోతే జోకు పోయినట్టే, కాబట్టి ఎదుట మసక లైటు ఇంకొకటి కావాలి. సున్నం గోడలు ఆ వెలుగును తిప్పికొట్టి చీకటిని చెడగొడతాయి. గోడకు నల్ల గొంగడి కప్పండి. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు ఊగుతుంది), సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షటర్ (ఒక్కో ఫ్రేముపై వెలుగు పడే సమయం) 1/50 సెకను పెడితే ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమనదు. లైట్ల చుట్టూ పురుగులు, కుక్కల మొరుగుడు సరేసరి. రాత్రి రెండు గంటలు దాటితే నటుల టైమింగ్ కూడా నిద్రపోతుంది.

పగలు తీసి రాత్రిగా మార్చడం చవక. ఎండను నటుడి వెనక ఉంచి, ఎక్స్‌పోజర్ (కెమెరా పట్టే వెలుగు) రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు తగ్గించి, వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల ఛాయ సెట్టింగ్) 3200 కెల్విన్‌కి దించితే నీలి వెన్నెల వస్తుంది. ఆకాశం ఫ్రేములోకి రాకూడదు. గండికోట లోయ అంచున అది దాదాపు అసాధ్యం. లాంతరు వెలిగించినా వెలిగినట్టు ఉండదు. మిట్టమధ్యాహ్నం కాళ్ల కింది పొట్టి నీడ గుట్టు బయటపెడుతుంది.

మాటల కామెడీ ఎక్కువుంటే రాత్రే, ఇంటి లోపలే. పరుగులకు పగలు.