ఓటు హక్కు, పోటీ హక్కు: తేడా ఎక్కడ?

ఓటు వేసే వయసొస్తే పోటీ చేసే వయసూ వచ్చినట్టేనా? బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో 2007 నుంచి అంతే, రెండింటికీ 18 ఏళ్లు చాలు. భారత్‌లో ఓటుకు 18, లోక్‌సభకు 25, రాజ్యసభకు 30. అమెరికాలో అధ్యక్ష పదవికి 35 ఏళ్లు నిండాలి, పైగా పుట్టుకతోనే అక్కడి పౌరులై ఉండాలి. ఓటుకు ఆ పట్టింపు లేదు.

ఇంతవరకూ పోటీకే షరతులెక్కువ. జైలు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. 1920లో సోషలిస్టు నేత యూజీన్ డెబ్స్ అట్లాంటా జైల్లో ఉంటూనే అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తే 9 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. భారత్‌లోనూ విచారణ ఖైదీ నామినేషన్ వేయొచ్చు. 2013లో చట్టం సవరించి మరీ ఆ వీలు నిలబెట్టారు. సాధారణంగా రెండేళ్లు, ఆపైన శిక్ష పడితేనే అనర్హత. విడుదలయ్యాక కూడా అది ఆరేళ్లు ఉంటుంది.

కానీ అదే విచారణ ఖైదీ ఓటు వేయలేడు! ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. నేరం రుజువు కాలేదు, జాబితాలో పేరుంది. బెయిల్‌కు పూచీ ఇచ్చేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయాడు. పోలింగ్ రోజు అతని వేలికి సిరా చుక్క అంటదు.