ఒకే పద్యం: హాల్లోనా, బడ్స్‌లోనా, వైరులోనా?

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న లంచ్ టైమ్‌లో అడిగింది. “అక్కా, నా దగ్గర నాలుగు వేలు ఉన్నాయి. మంచి ఇయర్‌ఫోన్స్ ఏవో చెప్పండి, మీకు బాగా తెలుసటగా” అని. “ఏం వింటావు?” అన్నాను. “అన్నీ” అంది. చిక్కంతా అక్కడే వచ్చింది. అన్నీ వినేవాళ్లకు ఒక్క వస్తువు చెప్పడం కష్టం. ఆ రోజు ఏదో ఒక పేరు చెప్పేశాను కానీ, సరిగ్గా చెప్పలేదన్న వెలితి ఉండిపోయింది. అందుకే ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను.

నాకు గుంటూరులో ఇల్లు, విజయవాడలో ఉద్యోగం. పోను గంట, రాను గంట. వారధి మీద బండ్లు ఆగిపోయాయంటే ఇంకో అరగంట. ఆ టైమంతా పాటలే. ఇంటికొచ్చాక బాబాయి దగ్గర హార్మోనియం నేర్చుకుంటున్నాను. ఆయన ముప్పై ఏళ్లుగా నాటకాలకు వాయిస్తున్నారు. ఆయన వెంట వెళ్లీ వెళ్లీ నాకూ పద్యనాటకం పిచ్చి పట్టుకుంది. ఈ ఏడాది నా జీతంలో మిగిలిన డబ్బులు, ఆదివారాలు అన్నీ ఈ మూడింటికే పోయాయి: పాట, నాటకం, చెవిలో పెట్టుకునే వస్తువులు. ఏది మేలో తేల్చుకోవడానికి ఒకటే పని చేశాను. రాయబారం సీనులో కృష్ణుడు పాడే పద్యం ఒకటి తీసుకుని, దాన్నే హాల్లో, బ్లూటూత్ బడ్స్‌లో, వైరు ఇయర్‌ఫోన్స్‌లో పదేపదే విన్నాను.

ముందు హాలు సంగతి. మిగతా రెండింటినీ దాంతోనే పోల్చుకోవాలి కదా. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు మా గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనే జరిగాయి. వీలు దొరికినప్పుడల్లా వెళ్లి కూర్చున్నాను. విజయవాడలో అయితే తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉండనే ఉంది. ఇలాంటి చోట్ల నాటకాలకు చాలాసార్లు టిక్కెట్ కూడా ఉండదు.

పద్యం ఎత్తుకునే ముందు ఒక క్షణం ఉంటుంది, దాన్ని చూసి తీరాలి. కృష్ణుడి వేషం వేసినాయన వచనం ముగించి, హార్మోనిస్టు వైపు తల తిప్పకుండానే మైకు దగ్గరికి ఒక అడుగు జరుగుతాడు. అప్పటికే హార్మోనియం మీద షడ్జమం నిలబడి ఉంటుంది. రాగం అందుకుంటాడు. గొంతు ఎటు పోతే వేళ్లు అటే పోతాయి, వెంట్రుకవాసి వెనకగా. ఆఖరి పాదంలో ఆఖరి అక్షరం మీద రాగం సాగుతున్నంతసేపూ హాల్లో ఒక్క కుర్చీ కిర్రుమనదు. ఆయన ఊపిరి ఎక్కడ తీస్తాడా అని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ఆయన కిందికి దిగేలోపే చప్పట్లు, వెనక వరసల్లోంచి ‘వన్స్ మోర్’. రెండోసారి పాడినప్పుడు మొదటిసారి పాడినట్టు పాడడు. కొత్త సంగతి ఒకటి వేస్తాడు, అంటే అదే పాదాన్ని ఇంకో మలుపు తిప్పి పాడతాడు. ఆ సంగతి కోసమే నేను వెళ్తాను.

ఇది రికార్డుల్లో ఎందుకు దొరకదో తెలుసుకున్నాక నాకు పాత రికార్డుల మీద ఉన్న చిన్నపాటి కోపం కూడా పోయింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల గ్రామఫోన్ ప్లేటు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. స్టేజీ మీద పావుగంట దాకా సాగగల పద్యాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించి పాడాలి. ఈలపాట రఘురామయ్య గారిది మా జిల్లాలోని సుద్దపల్లి. ఆయన్ని స్టేజీ మీద చూసిన మా తాతయ్య చెప్పిన రాగాలకీ, నాకు రికార్డులో వినపడే రాగాలకీ పొంతన ఉండేది కాదు. తాతయ్య ఎక్కువ చేసి చెబుతున్నారేమో అనుకునేదాన్ని. తేడా అంతా ప్లేటు నిడివిలో ఉంది.

హాలుకీ ఇబ్బందులున్నాయి. ఒక ఊళ్లో నాటకం మొదలైన దగ్గర్నుంచి మైకు కుయ్యిమంటూనే ఉంది. ఎంతో ఎదురుచూసిన రెండు పద్యాలు ఆ కూతలో కొట్టుకుపోయాయి. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది. అందుకని స్పీకరు బాక్సుల ముందు ఎప్పుడూ కూర్చోవద్దు. హార్మోనిస్టు ఏ పక్క కూర్చుంటే ఆ పక్కన, అయిదో ఆరో వరసలో కూర్చోండి. ఇంకొకటి, మైకులు లేని రోజుల్లో ఆఖరి బెంచీ దాకా వినపడాలని నాలుగు, అయిదు శ్రుతుల్లో, అంటే బాగా ఎత్తు గొంతులో పాడటం అలవాటైంది. మైకులు వచ్చినా ఆ ఎత్తు పెద్దగా తగ్గలేదు. ఈ ఎత్తు సంగతి గుర్తుంచుకోండి, ఇయర్‌ఫోన్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇక బడ్స్. బస్సులో వీటికి సాటి లేదు. నాయిస్ క్యాన్సిలేషన్ అంటే, బయటి మోతను చిన్న మైకుతో పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని చెవిలోకి వదిలి రెండింటినీ కొట్టేయడం. ఇంజిన్ రొద, ఏసీ హోరు లాంటి ఒకే తీరుగా సాగే లోతు శబ్దాల మీద ఇది బాగా పనిచేస్తుంది. హారన్లు, వెనక సీటాయన ఫోను మాటలు అంత తేలిగ్గా పోవు. వాటిని ఆపేది చెవిలో బిగువుగా కూర్చున్న రబ్బరు టిప్పే. డబ్బాలో మూడు సైజుల టిప్పులు ఇస్తారు, మూడూ పెట్టి చూడండి. చాలామంది మొదట ఉన్నదే ఉంచేసుకుని సౌండు బాగాలేదంటారు. రొద తగ్గింది కాబట్టి వాల్యూమ్ సగంలో పెట్టుకున్నా పాట స్పష్టంగా ఉంటుంది, చెవులకూ మంచిది. మంగళగిరి దాటేటప్పుడు కొత్త సినిమా పాటలో డప్పులు ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతుంటే ఆఫీసు టెన్షన్ ఎటు పోతుందో తెలియదు.

అదే బడ్స్‌లో మన పద్యం పెడితే కథ మారుతుంది. తక్కువ ధరలో దొరికే చాలా బడ్స్‌కు బేస్, అంటే లోతు శబ్దాలు, పెంచి పెడతారు. తబలా ఎడమది గుమ్ముగుమ్ముమని మోగుతూ హార్మోనియాన్ని కప్పేస్తుంది. బేస్‌తో పాటు పై శబ్దాలు కూడా పెంచిన మోడల్ అయితే, అయిదు శ్రుతిలో పాడే గొంతు చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. యాప్‌లో ఈక్వలైజర్ ఉంటే బేస్ రెండు మెట్లు దించండి, కొంత బాగుపడుతుంది.

కోడెక్‌ల (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతుల) పేర్లు చూసి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లకు ఒక మాట. మామూలు కోడెక్ ఎస్‌బీసీ మహా అయితే సెకనుకు 328 కిలోబిట్ల (కేబీపీఎస్) దాకా పోతుంది, ఎల్‌డీఏసీ అనేది 990 దాకా. సీడీ అయితే 1,411. వినడానికి పెద్ద తేడాలాగే ఉంటుంది. కానీ మన పద్యాలు ఎక్కువగా దొరికేది యూట్యూబ్‌లో. అక్కడ ఆడియో చాలావరకు 128, 160 దగ్గరే ఉంటుంది. చెరువులో ఉన్నదే కాలువలోకి వస్తుంది. పద్యాల కోసమే అయితే ఎల్‌డీఏసీకి అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

బడ్స్ నన్ను పూర్తిగా ముంచింది మాత్రం హార్మోనియం దగ్గర. రాత్రి పదింటికి ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోనులో హార్మోనియం యాప్ పెట్టుకుని సాధన చేద్దామనుకున్నాను. మెట్టు నొక్కుతాను, శబ్దం తర్వాతెప్పుడో వస్తుంది. బ్లూటూత్‌లో ఈ ఆలస్యం మామూలుగా సెకనులో అయిదో వంతు దాకా ఉంటుంది. సినిమా చూసేటప్పుడు ప్లేయరు బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి సర్దేస్తుంది, మనకు తెలియదు. మన వేళ్లను అలా ఎవరు సర్దుతారు? గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఆ లెక్కన నా హార్మోనియం నాకు 68 మీటర్ల అవతల మోగుతున్నట్టు. నాలుగు స్వరాలు గబగబా పలికించాలంటే వేళ్లు తడబడిపోయాయి. వారం పాటు తప్పు నాదే అనుకుని కుమిలిపోయాను. బాబాయే పట్టుకున్నారు. “నీ చెయ్యి బాగానే ఉందే అమ్మలూ, ముందు చెవిలోవి తీసి వాయించు” అన్నారు.

బ్యాటరీ గోల కూడా చెప్పాలి. నా మొదటి జత రెండున్నరేళ్లకే ఎడమది అరగంట కూడా నిలవడం మానేసింది. అంత చిన్న దాంట్లో బ్యాటరీ మార్చడం కుదరదు, కొత్తది కొనుక్కోమన్నారు. మూడు వేలు పెట్టిన వస్తువు డ్రాయరులో పడి ఉంది.

వైరు దగ్గరికి వస్తే నా గొంతు కొంచెం పెరుగుతుంది. 2016లో ఐఫోన్ 7 నుంచి ఇయర్‌ఫోన్ వైరు గుచ్చే జాక్ తీసేశారు, ఆ తర్వాత ఒక్కొక్క ఫోనులోనూ అది మాయమైంది. దాంతో వైరు అంటే పాతకాలం అనుకుంటున్నారు. నిజానికి తక్కువ డబ్బుకు ఇంత మంచి వైరు ఇయర్‌ఫోన్స్ మనకు ముందెప్పుడూ దొరకలేదు. స్టేజీ మీద గాయకులు చెవి వెనక నుంచి తిప్పి పెట్టుకునే తరహావి, ఐఈఎంలు అంటారు, నేను పద్నాలుగు వందలకు కొన్నాను. వైరు పాడైతే వైరు మాత్రమే మార్చుకోవచ్చు. జాక్ లేని ఫోనుకు వైరు తగిలించే టైప్-సి డాంగిల్ ఇంకో ఆరు వందలు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. లోపల డాక్ (ఫోనులోని డిజిటల్ పాటను ఇయర్‌ఫోన్ పలికించగల సిగ్నల్‌గా మార్చే చిప్) ఉన్న డాంగిలే కావాలని అడిగి మరీ తీసుకోండి. డాక్ లేనివి మరీ చవకగా వస్తాయి కానీ కొన్ని ఫోన్లలో అసలు పలకవు.

మొదటి రోజు రాత్రి అదే పద్యం పెట్టాను. హార్మోనియం తిత్తి గాలి పీల్చుకునే చప్పుడు వినపడింది. వేలు ఎత్తగానే మెట్టు పైకొచ్చి తగిలే చిన్న టక్కు వినపడింది. ఆఖరి పాదానికి ముందు పాడేవాడు దొంగతనంగా తీసుకున్న ఊపిరి కూడా. హాల్లో అయిదో వరస నుంచి ఇవి వినపడవు. హాలుకు దీటు రావడం కాదు గానీ, హాలు ఇవ్వనిది ఒకటి వైరు ఇచ్చింది: హార్మోనిస్టు పక్కన పీట వేసుకుని కూర్చున్నట్టు ఉంది. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి. యాప్‌లో సాధన కూడా దారిలో పడింది.

బస్సులో మాత్రం వైరు నాకు కుదరలేదు. చున్నీలో చిక్కుకుంటుంది, బ్యాగు తీసేటప్పుడు లాగేస్తుంది, బట్టలకు రాసుకున్నప్పుడల్లా ఆ చప్పుడు చెవిలోకి వస్తుంది. ఇంజిన్ రొద కూడా కొంత లోపలికి వస్తుంది.

బ్లూటూత్ స్పీకరు గురించి రెండే మాటలు. పాత రికార్డులు మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం. ఇయర్‌ఫోన్స్‌లో అవి తల మధ్యలో ఇరుక్కున్నట్టు ఉంటాయి, స్పీకరులో అయితే హాయిగా గదంతా పరుచుకుంటాయి. నాన్నకు చిన్నప్పటి నుంచి విజయవాడ ఆకాశవాణి నాటకాలు వినే అలవాటు. ఆయనకు చెవిలో ఏదీ పెట్టొద్దు, అలమరలో చిన్న స్పీకరు చాలు. ఆ ఆకాశవాణే 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్మోనియాన్ని దూరం పెట్టిందని బాబాయికి ఇప్పటికీ బాధ. నాటకం స్టేజీ మాత్రం దాన్ని వదల్లేదని చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి.

ఇంతకీ ఆ అమ్మాయి నాలుగు వేలు. రోజూ రెండు గంటలు బస్సులో ఉండి ఎక్కువగా కొత్త పాటలే వింటుంటే మొత్తం నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న బడ్స్ మీదే పెట్టేయమంటాను, మూడేళ్లకు మళ్లీ కొనాల్సి వస్తుందని తెలిసే కొనాలి. ఏ వాయిద్యమైనా నేర్చుకుంటుంటే వైరు తప్ప మరో మాట లేదు. పద్యాలు, కీర్తనలు, పాత పాటలు ఇష్టమైతే రెండు వేలతో ఐఈఎం, డాంగిల్ తీసుకుని, మిగిలిన రెండు వేలు నాటకాలకు వెళ్లిరావడానికి బస్సు చార్జీలుగా దాచుకోవాలి. నా దగ్గర ఒక్కటే ఉంచుకోమంటే వైరే ఉంచుకుంటాను. బస్సులో రొద భరిస్తాను.

పోయిన ఆదివారం బాబాయి వాయిస్తుంటే ఫోనులో రికార్డు చేసి, నా వైరు ఆయన చెవిలో పెట్టాను. కళ్లు మూసుకుని విన్నారు. సగంలో చెయ్యెత్తి, “మళ్లీ వెనక్కి పెట్టు” అన్నారు. మళ్లీ విన్నారు. “పై స్థాయి గాంధారం చూశావూ, గాలి ముందొస్తోంది, స్వరం తర్వాత పలుకుతోంది. ముప్పై ఏళ్లుగా దీని పక్కనే కూర్చుని ఇన్నాళ్లూ కనుక్కోలేకపోయాను” అన్నారు. లేచి పెట్టె మూత విప్పారు. ఆ స్వరం పలికే రీడు కింద సన్నటి నూలుపోగు ఒకటి ఇరుక్కుని ఉంది.