వాల్‌గ్రైండా, లీక్‌శానిటైజరా?

సీ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములలో మెమరీ లీకులను, అంటే వాడాక తిరిగి వదలని మెమరీని, పట్టుకోవడానికి ఈ రెండూ ఉచితంగానే దొరుకుతాయి. వాల్‌గ్రైండ్‌కు ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు గానీ, దాని కింద ప్రోగ్రాము 20 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది. లీక్‌శానిటైజర్‌ను జీసీసీ లేదా క్లాంగ్ కంపైలర్ ద్వారా జతచేయాలి. అది ప్రోగ్రాము ముగిసే వేళకే వెతుకుతుంది కనుక వేగం దాదాపు తగ్గదు. ప్రతి మార్పుకూ పరీక్షలు నడిపే ప్రాజెక్టుకు నా ఓటు దీనికే.

అయితే లీకయ్యేది మెమరీ ఒక్కటే కాదు. ఫైలును ఓపెన్ చేశాక ఏదో లోపం ఎదురై, క్లోజ్ వరకు రాకుండానే ఫంక్షన్ ముగిసిపోతే ఆ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు సిస్టమ్ ఇచ్చే సంఖ్య) తెరిచే ఉండిపోతుంది. ప్రతి కనెక్షన్‌కూ ఒక డిస్క్రిప్టర్ కావాలి కనుక, అలాంటివి పోగుపడి పరిమితికి చేరితే సర్వరు కొత్త కనెక్షన్లే తీసుకోలేదు. లీక్‌శానిటైజర్ దీన్ని వెతకదు. వాల్‌గ్రైండ్‌కు ట్రాక్-ఎఫ్‌డీస్ ఆప్షన్ ఇస్తే ఆ డిస్క్రిప్టర్ ఎక్కడ తెరుచుకుందో చూపిస్తుంది. అప్పుడు లోపం ఎదురయ్యే దారులన్నిటినీ లైనక్స్ కెర్నెల్‌లో మాదిరిగా గోటూతో (కోడులో మరో చోటికి దూకించే ఆదేశంతో) ఫంక్షన్ చివరికి చేర్చి, అక్కడే మూసివేయవచ్చు.